శాఖ పోతే అప్పు అడిగేదెక్కడ?

గత విద్యాసంవత్సరం మా విభాగంలో ఎం.ఏ. చదువుతున్న ఒక విద్యార్థిని వారం రోజులపాటు తరగతులకు రాలేదు. కారణం అడిగితే, తమ్ముడి చదువు కోసం అమ్మతో కలిసి బ్యాంకు చుట్టూ తిరుగుతున్నానని చెప్పింది. వాళ్లది విజయనగరం జిల్లాలో ఒక చిన్న గ్రామం. ఊరి చివర ఎస్సీ కాలనీలో ఇల్లు. తల్లి ఉపాధి హామీ పనికి వెళుతుంది. డ్వాక్రా సంఘానికి నాయకురాలు కూడా. పక్క ఊళ్లో ఉండే బ్యాంకు శాఖను పదిహేడు కిలోమీటర్ల దూరంలోని పట్టణ శాఖలో కలిపేశారు. ఆ విషయం తెలుపుతూ షట్టరు మీద ఒక కాగితం అంటించారు. ఆ రోజు ఊళ్లో ఎవరూ పెద్దగా బాధపడలేదట. ఉపాధి కూలి కిరాణా కొట్టులో వేలిముద్ర వేస్తే చేతికొస్తోంది. పింఛను ఇంటికే వస్తోంది. ఇక బ్యాంకుతో పనేముంది అనుకున్నారు.

తమ్ముడికి విశాఖపట్నంలో ఇంజనీరింగ్ సీటు వచ్చాక పని పడింది. విద్యారుణం కోసం తల్లి నాలుగుసార్లు పట్టణానికి వెళ్లింది. నాలుగు రోజుల కూలి, బస్సు ఛార్జీలు పోగొట్టుకుంది. నాలుగోసారి బల్ల వెనుక కూర్చున్న ఉద్యోగి, ‘మీ ఊరు మా సర్వీసు ఏరియాలోకి రాదు’ అని నోటిమాటగా చెప్పి పంపేశాడు. మూసేసిన శాఖలోని ఖాతాలన్నీ ఆ పట్టణ శాఖకే చేరాయి. ఖాతాలు వచ్చాయి గానీ ఊరు మాత్రం రాలేదన్నమాట. దరఖాస్తు తీసుకోలేదు కనుక తిరస్కరణ కూడా లేదు. కాగితం మీద చూస్తే ఆ తల్లి అసలు అప్పే అడగలేదు.

గ్రామీణ బ్యాంకు శాఖల మూత గురించి మన దగ్గర జరిగే చర్చ అంతా డబ్బు తీసుకునే సౌకర్యం చుట్టూ తిరుగుతోంది. శాఖ పోతే బ్యాంకు మిత్ర ఉన్నాడు, తపాలా కార్యాలయం ఉంది, చేతిలో ఫోన్ ఉంది అంటారు. డబ్బు తీసుకోవడం వరకు ఆ మాట చాలావరకు నిజమే. అయితే ప్రజలకు బ్యాంకుతో ఉన్న సంబంధం రెండు రకాలు. తమ డబ్బు తాము తీసుకోవడం ఒకటి. తమ దగ్గర లేని డబ్బును పెట్టుబడిగా అడగడం రెండోది. ప్రత్యామ్నాయాలన్నీ మొదటి పనిని చేస్తున్నాయి. రెండో పనిని దాదాపు ఏదీ చేయడం లేదు. భూమి, బంగారం, పలుకుబడి ఉన్న కులాలకు అప్పు పుట్టే చోట్లు ఇతరత్రా ఉన్నాయి. అవి లేని కులాలకు ప్రభుత్వరంగ బ్యాంకు శాఖ ఒక్కటే చట్టబద్ధంగా అడగగలిగిన చోటు. అందుకే శాఖ మూత కులానికి సంబంధించిన ప్రశ్న.

ఉత్తరాంధ్రకు అప్పు చరిత్ర కొత్తగా చెప్పనక్కర్లేదు. 1951-52లో జరిపిన అఖిల భారత గ్రామీణ పరపతి సర్వే ప్రకారం రైతులు తెచ్చుకున్న ప్రతి వంద రూపాయల అప్పులో ప్రభుత్వం, సహకార సంఘాలు, బ్యాంకులు అన్నీ కలిసి ఇచ్చింది ఏడు రూపాయల పైచిలుకు మాత్రమే. మిగిలినదంతా వడ్డీ వ్యాపారులు, భూస్వాములు, వర్తకులు, బంధువులు ఇచ్చిందే. మైదానంలో అప్పు తీర్చలేని కుటుంబం బిడ్డను కంబారిగా పెట్టేది. ఏజెన్సీలో షావుకారి అప్పు కింద పంటా పోయేది, పొలమూ పోయేది. షెడ్యూల్డ్ ప్రాంతాల్లో వడ్డీ వ్యాపారాన్ని అదుపు చేయడానికి 1960లోనే ప్రత్యేక నిబంధనలు తెచ్చినా, కొండల్లో షావుకారు మాటే చట్టంగా చెల్లింది. 1967 అక్టోబరు 31న మొండెంఖల్లు గిరిజన మహాసభకు వెళుతున్నవారిపై లేవిడి వద్ద భూస్వాముల తుపాకులు పేలి ఇద్దరు గిరిజనులు మరణించారు. ఆ తర్వాత సాగిన శ్రీకాకుళ గిరిజనోద్యమ చరిత్రను భూమి చరిత్రగా చదువుతాం. అది అప్పుల చరిత్ర కూడా. 1970లో వచ్చిన ఒకటవ నిబంధన గిరిజనేతరుల పేరిట భూమి బదిలీని నిషేధిస్తే, అదే ఏడాది వచ్చిన రెండో నిబంధన గిరిజనుల రుణ విముక్తికి సంబంధించినది. భూమి, అప్పు రెండూ ఒకే సంకెలకు రెండు కొసలని ప్రభుత్వమే అలా ఒప్పుకున్నట్టయింది.

గ్రామీణ బ్యాంకింగ్ విధానం రూపుదిద్దుకున్నది కూడా ఆ సంవత్సరాల్లోనే. 1969 జులై 19న పద్నాలుగు బ్యాంకులను జాతీయం చేశారు. 1972లో నిరుపేదలకు నాలుగు శాతం వడ్డీకి అప్పులిచ్చే డీఆర్‌ఐ పథకం వచ్చింది. అందులో నలభై శాతం దళితులకు, గిరిజనులకు వెళ్లాలనీ, మూడింట రెండు వంతులు గ్రామీణ, అర్ధపట్టణ శాఖల ద్వారానే ఇవ్వాలనీ నిబంధన పెట్టారు. 1975లో మైదవోలు నరసింహం నాయకత్వంలోని బృందం సిఫారసు మేరకు ప్రాంతీయ గ్రామీణ బ్యాంకులు పుట్టాయి. స్థానిక భాష తెలిసిన సిబ్బందితో, తక్కువ ఖర్చుతో, వాణిజ్య బ్యాంకులు చేరని పేదలను చేరడం వాటి ఉద్దేశం. ఆ క్రమంలోనే స్టేట్ బ్యాంకు ప్రాయోజకత్వంలో శ్రీకాకుళం కేంద్రంగా శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. వలసలకు, వెనుకబాటుకు మారుపేరుగా చెప్పే జిల్లాలో ఒక బ్యాంకు ప్రధాన కార్యాలయం ఉండటం చిన్న విషయం కాదు.

అదే కాలంలో రిజర్వు బ్యాంకు మరో నియమం పెట్టింది. ఇప్పటికే బ్యాంకు ఉన్న చోట కొత్తగా ఒక శాఖ తెరవాలంటే, అసలు బ్యాంకే లేని చోట నాలుగు తెరవాలి. 1977 నుంచి 1990 దాకా అమలైన ఈ నియమం వల్ల గ్రామాల్లో పేదరికం తగ్గిందని రాబిన్ బర్గెస్, రోహిణి పాండే 2005లో ప్రచురించిన అధ్యయనం నిరూపించింది. శాఖ ఊరికి రావడం వల్ల పేదవాడికి ఏం ఒరిగిందని అడిగేవారికి అది ఒక సమాధానం.

1990 తర్వాత గాలి మారింది. ఒకటికి నాలుగు నియమం పోయింది. గ్రామీణ బ్యాంకులను సిఫారసు చేసిన నరసింహమే 1991లో బ్యాంకింగ్ సంస్కరణల కమిటీకి నేతృత్వం వహించి లాభదాయకతను ప్రధాన కొలబద్దగా ముందుకు తెచ్చారు. 2006లో శ్రీ విశాఖ గ్రామీణ బ్యాంకును మరో నాలుగింటితో కలిపి ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకు చేశారు. ప్రధాన కార్యాలయం వరంగల్లుకు వెళ్లింది. రాష్ట్రం విడిపోయాక కూడా పదేళ్లపాటు ఇచ్ఛాపురం, సాలూరు రైతుల గ్రామీణ బ్యాంకుకు ప్రధాన కార్యాలయం పొరుగు రాష్ట్రంలోనే ఉండిపోయింది. 2020 ఏప్రిల్ 1న ఆంధ్రా బ్యాంకు యూనియన్ బ్యాంకులో విలీనమైంది. 2025 మే 1న ‘ఒక రాష్ట్రం, ఒక గ్రామీణ బ్యాంకు’ విధానం కింద నాలుగు బ్యాంకులు కలిసి, యూనియన్ బ్యాంకు ప్రాయోజకత్వంలో, అమరావతి కేంద్రంగా ఆంధ్రప్రదేశ్ గ్రామీణ బ్యాంకు ఏర్పడింది. శ్రీకాకుళంలో మొదలైన బ్యాంకు ఇరవై ఏళ్లలో రెండుసార్లు చిరునామా మార్చుకుంది. రెండుసార్లూ ఉత్తరాంధ్రకు దూరంగానే వెళ్లింది.

విలీనం అంటే మూసివేత కాదని అధికారులు చెబుతారు. ఆ రోజుకు అది నిజమే. కానీ విలీనం తర్వాత ఒకే వీధిలో ఒకే బ్యాంకు శాఖలు రెండు కనిపిస్తాయి. అప్పుడు ‘హేతుబద్ధీకరణ’ అనే మాట వస్తుంది. వేర్వేరు బ్యాంకులుగా ఉన్నప్పుడు ఒక చోట కాదంటే ఇంకో చోట అడిగే వీలుండేది. అవన్నీ ఒకటైతే ఒకరి నిరాకరణే అందరి నిరాకరణ అవుతుంది.

వీటన్నిటికంటే పెద్ద మార్పు 2017 మేలో నిశ్శబ్దంగా జరిగింది. శాఖల అనుమతి విధానాన్ని సవరిస్తూ రిజర్వు బ్యాంకు ‘బ్యాంకింగ్ అవుట్‌లెట్’ అనే కొత్త నిర్వచనం ఇచ్చింది. బ్యాంకు సిబ్బంది గానీ, బ్యాంకు నియమించిన కరస్పాండెంట్ గానీ వారానికి కనీసం ఐదు రోజులు, రోజుకు కనీసం నాలుగు గంటలు సేవలందించే స్థిరమైన చోటు ఏదైనా సరే, లెక్కలో అది అవుట్‌లెటే. అధికారి, గుమాస్తా, దరఖాస్తు పుస్తకం ఉన్న శాఖ ఒక అవుట్‌లెట్. కిరాణా కొట్టు మూలన ఉన్న వేలిముద్ర యంత్రం కూడా ఒక అవుట్‌లెట్. ఆ రోజు నుంచి ఊళ్లో బ్యాంకు ఉందా అన్న ప్రశ్నకు ఉంది అని చెప్పడం సులువైంది.

శాఖకూ యంత్రానికీ తేడా ఎక్కడుందో చూద్దాం. ఈ దేశంలో దళితులకు, గిరిజనులకు రుణ హక్కులుగా చెప్పదగినవి కొన్ని ఉన్నాయి. వాటిలో చాలావాటికి కొలమానం శాఖే. 2016 ఏప్రిల్ 5న ప్రారంభించిన స్టాండప్ ఇండియా పథకం ప్రతి బ్యాంకు శాఖా కనీసం ఒక ఎస్సీ లేదా ఎస్టీ వ్యక్తికి, కనీసం ఒక మహిళకు పది లక్షల నుంచి కోటి రూపాయల వరకు రుణం ఇవ్వాలని చెప్పింది. ఆ లెక్కన ఒక శాఖ మూతపడితే ఒక దళితునికో గిరిజనునికో, ఒక మహిళకో ఇవ్వాల్సిన బాధ్యత కూడా దానితోపాటే మూతపడుతుంది. ఆ పథకం గడువు 2025తో ముగిసేలా పెట్టారు. అదే ఏడాది బడ్జెట్‌లో తొలిసారి పరిశ్రమ పెట్టే ఐదు లక్షల మంది మహిళలు, ఎస్సీ, ఎస్టీలకు రెండు కోట్ల వరకు రుణాలని ప్రకటించారు. దేశానికి ఐదు లక్షలు అన్న అంకెను పొందూరులోనో పాలకొండలోనో ఎవరూ నిలదీసి అడగలేరు. శాఖకొకరు అన్న అంకెను అడగగలరు.

ఎస్సీ, ఎస్టీల రుణ దరఖాస్తును శాఖ స్థాయిలో తిరస్కరించకూడదని, ఆ నిర్ణయం పై స్థాయి అధికారే తీసుకోవాలని, కారణం స్పష్టంగా రాయాలని రిజర్వు బ్యాంకు ఆదేశాలు చెబుతున్నాయి. ప్రభుత్వ స్వయం ఉపాధి పథకాల రుణాలకు వీరినుంచి డిపాజిట్లు అడగకూడదనీ ఉంది. నివాసం సర్వీసు ఏరియాలో లేదన్న సాకుతో విద్యారుణ దరఖాస్తును తిప్పికొట్టరాదని 2012 నవంబరులోనే చెప్పింది. మంచి నిబంధనలే. అయితే వీటన్నిటికీ ముందు ఒక షరతు ఉంది: దరఖాస్తు ఎవరో ఒకరు చేతిలోకి తీసుకోవాలి. కిరాణా కొట్టు యంత్రం దరఖాస్తు తీసుకోదు. దూరపు పట్టణ శాఖ నోటిమాటతో పంపేస్తుంది. రాయని తిరస్కరణకు కారణం రాయాల్సిన అవసరమే రాదు. అడగందే అమ్మైనా పెట్టదంటారు; అడిగినట్టు ఆధారమే లేని చోట ఎవరు పెడతారు?

మరో విషయం ఉద్యోగాలది. ప్రభుత్వరంగ బ్యాంకులో, గ్రామీణ బ్యాంకులో రిజర్వేషన్లు ఉన్నాయి. ఒక తరం దళిత యువకులు గుమాస్తాలుగా, క్షేత్ర అధికారులుగా, మేనేజర్లుగా పల్లెల్లోకి వచ్చింది ఆ దారిలోనే. బ్యాంకు మిత్ర కమీషన్ మీద పనిచేస్తాడు. అతని నియామకానికి రిజర్వేషన్ లేదు. ఆ పనికి కావలసినవి రోడ్డు పక్కన ఒక కొట్టు, చేతిలో తిప్పుకోవడానికి కొంత నగదు, కంప్యూటర్, బ్యాంకులో కట్టడానికి కొంత ధరావతు. ఊళ్లో ఇవి ఏ కులాల దగ్గర ఉంటాయో చెప్పనక్కర్లేదు. శాఖ మూసి మిత్రను పెట్టినప్పుడు రిజర్వేషన్ ఉన్న కుర్చీలు పోయి రిజర్వేషన్ లేని స్టూలు వస్తోంది.

కుర్చీలో ఎవరు కూర్చున్నారన్నది ఉద్యోగాల ప్రశ్న మాత్రమే కాదు, రుణాల ప్రశ్న కూడా. రేమండ్ ఫిస్మన్, డేనియల్ పారవిసిని, విక్రాంత్ విగ్ అనే ముగ్గురు ఆర్థికవేత్తలు మన దేశంలోని ఒక ప్రభుత్వరంగ బ్యాంకు రికార్డులను పరిశీలించి 2017లో ఒక అధ్యయనం ప్రచురించారు. అధికారి, రుణగ్రహీత ఒకే మతం లేదా ఒకే కుల వర్గానికి చెందినప్పుడు ఎక్కువమందికి, ఎక్కువ మొత్తంలో రుణాలు అందాయని, తిరిగి చెల్లింపు కూడా మెరుగ్గా ఉందని వారు తేల్చారు. పరిచయం, నమ్మకం, భాష, ఇంటిపేరు గుర్తుపట్టడం ఇవన్నీ రుణ నిర్ణయంలో పనిచేస్తాయని దీని అర్థం. ఈ ఫలితాన్ని తిరగేసి చదవాలి. అధికారుల్లో తమవాళ్లు లేని కులాలకు ఎంత నష్టం జరుగుతోందో కూడా అది చెబుతోంది. దళితుడు మేనేజరు కావడం ఒక కుటుంబానికి దక్కిన జీతం మాత్రమే కాదు, ఒక పేటకు తెరుచుకున్న తలుపు.

ఇప్పుడు ప్రత్యామ్నాయాలను ఒక్కొక్కటిగా చూద్దాం. సాంకేతికత పట్ల వ్యతిరేకతతో చెబుతున్న మాటలు కావివి. బయోమెట్రిక్ స్మార్ట్‌కార్డుల ద్వారా ఉపాధి కూలి, పింఛన్లు చెల్లించినప్పుడు ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లోని ఎనిమిది జిల్లాల్లో జరిపిన పెద్ద అధ్యయనంలో విజయనగరం కూడా ఉంది. చెల్లింపులు త్వరగా అందాయని, మధ్యలో కారిపోయే డబ్బు తగ్గిందని 2016లో వెలువడిన ఆ అధ్యయనం చెప్పింది. ఇది పేదలకు నిజమైన మేలు, కాదనలేం. అయితే అది ప్రభుత్వం ఇచ్చే డబ్బు చేతికందే విషయం. వేలిముద్ర యంత్రం ఒకసారికి పదివేల రూపాయల వరకు ఇస్తుంది. గడ్డపారలు పట్టి అరిగిన వేళ్లను ఒక్కోసారి గుర్తించదు. ఒక్క రూపాయి అప్పు మాత్రం ఇవ్వదు.

తపాలా కార్యాలయం మన పల్లెలకు బ్యాంకుకంటే పాతది. 2018 సెప్టెంబరు 1న మొదలైన ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకు తపాలా ఉద్యోగిని గడపదాకా తీసుకొచ్చింది. కానీ పేమెంట్స్ బ్యాంకు అనే వర్గానికే సొంతంగా రుణాలిచ్చే అనుమతి లేదు. చెన్నైలోనో, గుజరాత్ రేవుల్లోనో కష్టపడుతున్న మత్స్యకార యువకుడు పంపిన డబ్బు ఇంటికి చేరుతుంది. ఆ కుటుంబం ఇక్కడే వల కొనుక్కుని బతకడానికి పెట్టుబడి మాత్రం అక్కడ దొరకదు.

డ్వాక్రా సంఘాలు ఉత్తరాంధ్రకు గర్వకారణం. 2000లో ‘వెలుగు’ పథకం మొదలైన ఆరు జిల్లాల్లో శ్రీకాకుళం, విజయనగరం ఉన్నాయి. సంఘం రుణాలు దళిత మహిళలను బ్యాంకు గడప ఎక్కించాయి. అయితే సంఘం రుణం పదిమంది పంచుకునే చిన్న మొత్తం. ఇంజనీరింగ్ ఫీజుకో, ఆటో కొనడానికో, చిన్న పరిశ్రమకో అది చాలదు. పైగా సంఘం కూడా తన ఖాతా, తీర్మానం, రుణం అన్నీ ఏదో ఒక శాఖలోనే నడపాలి. పదిహేడు కిలోమీటర్ల దూరం సంఘానికీ వర్తిస్తుంది. 2010లో సూక్ష్మరుణ సంస్థల ఒత్తిడికి ప్రాణాలు పోయాక రాష్ట్రం ఆర్డినెన్సు తెచ్చి వాటిని కట్టడి చేయాల్సి వచ్చింది. బ్యాంకు ఖాళీ చేసిన చోటును ఎవరు ఆక్రమిస్తారో చెప్పడానికి ఆ అనుభవం చాలు. ఇప్పుడు అదే చోటులోకి లోన్ యాప్‌లు, బంగారం తాకట్టు కొట్లు, పొద్దున తొమ్మిది వందలిచ్చి సాయంత్రానికి వెయ్యి వసూలు చేసే రోజువారీ ఫైనాన్సు వస్తున్నాయి.

సహకార సొసైటీ మాటకొస్తే, అక్కడ పంట రుణానికి ఆధారం పట్టాదారు పాసుపుస్తకం. భూమి లేని కౌలుదారుకు 2019 చట్టం ప్రకారం సాగు హక్కు కార్డు కావాలి. ఆ కార్డుకు యజమాని సంతకం కావాలి. అప్పు అడగడానికి ముందు భూస్వామిని అడగాలి. సొసైటీలకు ఎన్నికలు చివరిసారి 2013లో జరిగాయి. ఆ తర్వాత ఎక్కువకాలం నామినేటెడ్ కమిటీలే నడిపాయి. భూమి ఉన్నవారి చేతిలోని సంస్థను భూమి లేనివారికి ప్రత్యామ్నాయంగా చూపడం న్యాయం కాదు.

దీనికి ఎదురుగా వచ్చే వాదన ఒకటుంది. నష్టాల్లో ఉన్న శాఖను ఎంతకాలం మోయాలి? శాఖ ఉన్నప్పుడు మాత్రం దళితుడికి అప్పు పుట్టిందా? రెండో ప్రశ్నలో నిజముంది. గ్రామీణ శాఖలు స్వర్గాలేమీ కావు. దళారీ లేకుండా పని జరగని శాఖలున్నాయి. దళితుడిని గుమ్మం దగ్గరే నిలబెట్టి మాట్లాడిన మేనేజర్లున్నారు. ఎస్సీ కార్పొరేషన్ యూనిట్ మంజూరైనా బ్యాంకు సమ్మతి పత్రం ఇవ్వక మురిగిపోయిన దరఖాస్తులు మనందరికీ తెలుసు. కానీ అన్యాయం జరిగిన చోటు ఉంటే ధర్నా చేయవచ్చు, అర్జీ పెట్టవచ్చు, కలెక్టరుకు ఫిర్యాదు చేయవచ్చు. చోటే లేకపోతే అన్యాయానికి చిరునామా ఉండదు. ఇక నష్టం సంగతి. శాఖ లాభనష్టాలను ఆ ఊరి ఖాతాలతోనే లెక్కగడితే పేటలెప్పుడూ నష్టమే. పల్లెల డిపాజిట్లు నగరాల్లో అప్పులుగా మారి సంపాదించిన లాభాన్ని కూడా ఆ ఊరి ఖాతాలో రాస్తే లెక్క వేరుగా ఉంటుంది.

ఇలాంటి ప్రశ్న మనకొక్కరికే ఎదురైంది కాదు. అమెరికాలో బ్యాంకులు నల్లజాతి నివాసాల చుట్టూ పటం మీద ఎర్రగీత గీసి అప్పులు నిరాకరించిన చరిత్ర ఉంది. దానిపై సాగిన పౌర ఉద్యమాల ఫలితంగా 1977లో సామాజిక పునఃపెట్టుబడి చట్టం వచ్చింది. డిపాజిట్లు తీసుకునే ప్రాంతపు రుణ అవసరాలను బ్యాంకు తీర్చాలని అది చెబుతుంది. అక్కడ శాఖ మూయాలంటే ఖాతాదారులకు తొంభై రోజుల ముందు నోటీసు ఇవ్వాలి. మన పల్లెల చుట్టూ గీత గీయడానికి ఎర్రసిరా అవసరం లేదు. పేట ఎప్పుడో ఊరికి దూరంగానే కట్టారు.

అంబేడ్కర్ 1947లో రాజ్యాంగ సభకు సమర్పించడానికి రూపొందించిన ‘రాష్ట్రాలు-మైనారిటీలు’ పత్రంలో కీలక పరిశ్రమలు, బీమా, వ్యవసాయం ప్రభుత్వ అధీనంలో ఉండాలన్నారు. వ్యవసాయానికి కావలసిన పెట్టుబడిని ప్రభుత్వమే సమకూర్చాలన్నది అందులో భాగం. పెట్టుబడి ప్రైవేటు చేతుల్లో ఉంటే రాజకీయ సమానత్వం కాగితం మీదే మిగిలిపోతుందన్న భయం దాని వెనుక ఉంది. బ్యాంకు శాఖల చర్చకు ఆ పత్రం నేటికీ పనికొస్తుంది.

అందువల్ల కొన్ని స్పష్టమైన డిమాండ్లు అవసరం. మొదటిది: గ్రామీణ శాఖను గానీ, అర్ధపట్టణ కేంద్రంలో ఉన్న ఏకైక శాఖను గానీ మూయాలన్నా, కలపాలన్నా జిల్లా సంప్రదింపుల కమిటీ ఆమోదం తప్పనిసరి అని రిజర్వు బ్యాంకు నిబంధన ఇప్పటికే ఉంది. ఆ ఆమోదానికి ముందు గ్రామసభ జరగాలి. ఆ సభ ఊరి మధ్య రచ్చబండ దగ్గరే కాక ఎస్సీ, ఎస్టీ నివాసాల్లోనూ జరగాలి. రెండోది: శాఖ మూసిన చోట గ్రామ సచివాలయంలో వారానికి కనీసం ఒక రోజు రుణ దరఖాస్తు తీసుకునే అధికారం ఉన్న బ్యాంకు అధికారి కూర్చోవాలి. భవనం ఉంది, కంప్యూటర్ ఉంది, కరెంటు ఉంది. లేనిది ఆదేశమే. మూడోది: ప్రతి దరఖాస్తుకు నంబరుతో రసీదు ఇవ్వాలి, నోటిమాట తిరస్కరణను నిబంధనల ఉల్లంఘనగా పరిగణించాలి. నాలుగోది: బ్యాంకు మిత్రల నియామకంలో రిజర్వేషన్ పాటించాలి. ధరావతును, మూలధనాన్ని ఎస్సీ, ఎస్టీ కార్పొరేషన్లు సమకూర్చాలి.

ఐదోది లెక్కలకు సంబంధించినది. ప్రాధాన్య రంగ రుణాల్లో ‘బలహీన వర్గాలు’ అనే పద్దు ఉంది. చిన్న, సన్నకారు రైతులు, స్వయం సహాయక సంఘాలు, చేతివృత్తులవారు, ఎస్సీ, ఎస్టీలు అందరూ ఒకే పద్దులో ఉన్నారు. ఎస్సీలకు విడిగా, ఎస్టీలకు విడిగా ఉపలక్ష్యం లేదు. భూమి ఉన్న సన్నకారు రైతుకిచ్చిన పంట రుణంతోనే ఆ పద్దు నిండిపోవచ్చు. 2011 జనాభా లెక్కల ప్రకారం ఉమ్మడి విజయనగరం జిల్లాలో ఎస్సీలు సుమారు పదోవంతు, ఎస్టీలు మరో పదోవంతు. రుణాల్లో వారి వాటా ఎంతో శాఖల వారీగా ప్రచురించాలి. 2025లో రాష్ట్ర ప్రభుత్వం ఎస్సీలను మూడు వర్గాలుగా విభజించి, రెల్లి ఉపకులాల వర్గానికి ఒక శాతం రిజర్వేషన్ కేటాయించింది. రెల్లి జనాభా ప్రధానంగా ఉన్నది ఉత్తరాంధ్ర పట్టణాల్లోనే. తెల్లవారకముందే వీధులు ఊడ్చేవారు, బండ్ల మీద పండ్లు అమ్మేవారు వారు. రోజువారీ ఫైనాన్సు వలలో ముందుగా చిక్కేదీ వారే. ఉద్యోగాల్లో వర్గీకరణ న్యాయమైతే రుణాల లెక్కలోనూ అది న్యాయమే.

విద్యార్థులకు ఒక మాట. మన ఉద్యమాలు సీట్ల కోసం, స్కాలర్‌షిప్పుల కోసం, కొలువుల కోసం చాలా పోరాడాయి, పోరాడాలి కూడా. పెట్టుబడి మీద హక్కు కోసం అడిగింది తక్కువ. మీ మండలంలో గత పదేళ్లలో ఎన్ని శాఖలు ఉండేవి, ఎన్ని మిగిలాయి, స్టాండప్ ఇండియా కింద ఏ శాఖ ఎవరికి రుణమిచ్చింది, ఎస్సీ, ఎస్టీ దరఖాస్తులెన్ని వచ్చాయి అని సమాచార హక్కు కింద అడగండి. వ్యక్తుల పేర్లు ఇవ్వకపోవచ్చు; అంకెలు ఇవ్వక తప్పదు. ఒక్కో కళాశాల ఒక్కో మండలం తీసుకున్నా ఉత్తరాంధ్ర రుణపటం మన చేతికి వస్తుంది.

మొదట చెప్పిన విద్యార్థిని మళ్లీ తరగతులకు వచ్చింది. 2012 నాటి ఆదేశాన్ని ప్రస్తావిస్తూ తల్లీకూతుళ్లు ఒక దరఖాస్తు రాసి శాఖకు, పై కార్యాలయానికి రిజిస్టరు పోస్టులో పంపారు. మూడు వారాల తర్వాత శాఖనుంచి పిలుపు వచ్చింది, దరఖాస్తు తీసుకున్నారు. ఈ వ్యాసం రాసే నాటికి రుణం మంజూరు కాలేదు. కాలేజీ ఫీజు మొదటి వాయిదా తల్లి నూటికి మూడు రూపాయల వడ్డీకి తెచ్చి కట్టింది. అయితే ఇప్పుడు ఆ దరఖాస్తుకు ఒక నంబరు ఉంది. కాదంటే కారణం రాసి ఇవ్వాల్సిన అధికారి ఒకరు ఉన్నారు.